మీటరు మాట నమ్మే ముందు...

పప్పులో ఉప్పు సరిపోయిందో లేదో నాలుక చెబుతుంది. మరి ఇంజిన్లో పెట్రోలు సరిపోయిందో లేదో ఎవరు చెప్పాలి? కార్బ్యురేటర్ల కాలంలో ఆ పని మెకానిక్ చెవి చేసేది. స్క్రూడ్రైవర్ పట్టుకుని పావు మలుపు అటు, పావు మలుపు ఇటు తిప్పుతూ, ఇంజిన్ చప్పుడు వింటూ 'ఆ... ఇక్కడ కుదిరింది' అనేవాడు. అనుమానం వస్తే ప్లగ్గు ఊడదీసి చూసేవాడు. మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టు. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే తక్కువైనట్టు. ఇటుక రంగులో ఉంటే... ఇంకేం, సరిగ్గా సరిపోయినట్టే!

ఇప్పుడు ఆ చెవి, ఆ కన్ను చేసే పనిని ఓ బుల్లి సెన్సర్ చేస్తోంది. సైలెన్సర్ పైపుకి బిగించిన ఆక్సిజన్ సెన్సర్ అది. అందులో 'వైడ్‌బ్యాండ్' అనే రకం ఉంది. మిశ్రమం ఎంత చిక్కగా ఉందో, ఎంత పల్చగా ఉందో అంకెల్లో చెప్పేస్తుంది. రేసు కార్లు ట్యూన్ చేసేవాళ్లకు అదే దిక్సూచి. ల్యాప్‌టాప్ ముందు పెట్టుకుని, ఆ అంకె చూస్తూ, పెట్రోలు పెంచుతూ తగ్గిస్తూ పోతారు. ఈమధ్య వస్తున్న మామూలు ఇంటి కార్లలోనూ చాలావాటికి ఇంజిన్ పక్కనే ఈ రకం సెన్సర్ ఉంటోంది.

అంతా బాగానే ఉంది. చిక్కల్లా ఒక్కటే. అంకె కనిపించగానే మనకు గుడ్డి నమ్మకం కుదిరిపోతుంది. చెవిని అనుమానించిన మనిషి కూడా మీటరును అనుమానించడు. అలా నమ్మినందుకు కొందరికి పిస్టన్లు కరిగాయి. ఇంకొందరికి బాగున్న సెన్సర్ మార్చి వేల రూపాయలు వదిలాయి. ఈ వారం కబురు అదే. మీటరు అబద్ధం చెప్పదు. కానీ, మనం అడిగిన ప్రశ్నకు కాకుండా వేరే ప్రశ్నకు జవాబు చెబుతుంది!

లీటరుకి తొమ్మిది వేల లీటర్లు

ముందు లెక్క చూద్దాం. కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి. లీటర్లలో చెప్పుకుంటే ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. ఒక లీటరు పెట్రోలుకి సుమారు తొమ్మిది వేల లీటర్ల గాలి! మన బండి తాగేది పెట్రోలు అనుకుంటాం కానీ నిజానికి అది గాలిని తాగి బతుకుతుంది.

ఈ సరిసమానమైన పాళ్లనే ఇంజనీర్లు 'లాంబ్డా 1' అంటారు. లాంబ్డా ఒకటి దాటితే గాలి ఎక్కువైనట్టు, అంటే మిశ్రమం పల్చనైనట్టు. మెకానిక్ భాషలో 'లీన్'. ఒకటికి తగ్గితే పెట్రోలు ఎక్కువై చిక్కనైనట్టు... అంటే 'రిచ్'. నింపాదిగా నడిపేటప్పుడు లాంబ్డా 1 దగ్గరుంటే సైలెన్సర్లోని క్యాటలిటిక్ కన్వర్టర్ బాగా పనిచేసి పొగను శుభ్రం చేస్తుంది. యాక్సిలరేటర్ అడుగంటా తొక్కినప్పుడు మాత్రం మామూలు పెట్రోలు ఇంజిన్‌కి 0.85 నుంచి 0.9 మధ్య కాస్త చిక్కగానే ఇస్తారు. టర్బో ఉంటే ఇంకొంచెం చిక్కగా. ఎందుకంటే ఆ అదనపు పెట్రోలు లోపలి వేడిని తగ్గిస్తుంది. అలాంటి సమయంలో మిశ్రమం పల్చనైతే వేడి పెరుగుతుంది, నాకింగ్ మొదలవుతుంది. అల్యూమినియం పిస్టన్ అంచులు తినేసినట్టయిపోవడానికి ఎంతోసేపు పట్టదు.

అందుకే ఆ అంకె విషయంలో అంత పట్టింపు.

ముక్కుపుడక రాయి... సైలెన్సర్లో!

అమెరికన్ డైమండ్ నగలు మీ ఇంట్లోనూ ఉండే ఉంటాయి. ఆ మెరిసే రాయి నిజానికి వజ్రం కాదు, జిర్కోనియా. అంటే జిర్కోనియం అనే లోహపు ఆక్సైడ్. మన భీమిలి, కళింగపట్నం తీరాల ఇసుకలో దొరికే జిర్కాన్ ఖనిజంలో ఉండేది ఆ లోహమే. ఆక్సిజన్ సెన్సర్ లోపల ఉండే పింగాణీ ముక్క కూడా ఈ జిర్కోనియానే!

దీనికో విచిత్రమైన గుణం ఉంది. బాగా వేడెక్కితే ఆక్సిజన్ అయాన్లను తన గుండా పోనిస్తుంది. జర్మన్ శాస్త్రవేత్త వాల్తర్ నెర్న్‌స్ట్ 1899లోనే ఇలాంటి వేడి పింగాణీల్లో విద్యుత్తు ఎలా ప్రవహిస్తుందో పరిశీలించాడు. ఆయనకు 1920 సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. ఆ గుణాన్ని వాడుకుని బాష్ కంపెనీ తయారుచేసిన లాంబ్డా సెన్సర్ 1976లో వోల్వో కార్లతో రోడ్డెక్కింది.

ఆ తొలి రకాన్ని 'న్యారోబ్యాండ్' అంటారు. దాన్ని ఏది అడిగినా రెండే జవాబులు. 'ఉప్పు ఎక్కువైంది', 'ఉప్పు తక్కువైంది'. అంతే. ఎంత ఎక్కువో, ఎంత తక్కువో చెప్పలేదు. మిశ్రమం చిక్కగా ఉంటే 0.9 వోల్టు దగ్గర, పల్చగా ఉంటే 0.1 వోల్టు దగ్గర తచ్చాడుతుంది. 1990ల్లో వాడకంలోకొచ్చిన వైడ్‌బ్యాండ్ ఎన్ని చెంచాలు ఎక్కువో కూడా చెబుతుంది.

ఎలా? మీ ఇంటిమీది నీళ్ల ట్యాంకును ఊహించుకోండి. ట్యాంకులో నీళ్లు ఎప్పుడూ ఒకే గీత దగ్గర ఉండాలని మోటారుకు చెప్పాం. ఇంట్లో కొళాయిలు ఎక్కువ తిప్పితే మోటారు ఎక్కువ పనిచేస్తుంది. తక్కువ తిప్పితే తక్కువ. అంటే మోటారు ఎంత కరెంటు లాగుతోందో చూస్తే చాలు, ఇంట్లో ఎన్ని నీళ్లు వాడుతున్నారో తెలిసిపోతుంది. వైడ్‌బ్యాండ్ లోపలా అంతే. చిన్న గది ఒకటుంటుంది. అందులోని వాయువును ఎప్పుడూ లాంబ్డా 1 దగ్గరే ఉంచడానికి ఓ బుల్లి 'పంపు' ఆక్సిజన్‌ని బయటికి తోడుతుంది, లేదా లోపలికి పంపుతుంది. దానికెంత కరెంటు పట్టిందన్నదే లెక్క. ఈ తతంగమంతా సక్రమంగా నడవాలంటే సెన్సర్ కొన దాదాపు 750 డిగ్రీల సెల్సియస్ పైన వేడిగా ఉండాలి. అందుకే దాని లోపల సొంత హీటరు ఉంటుంది.

లెక్కపెట్టేది ఆక్సిజన్‌ని

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. ఈ కథలో పెట్రోలును నేరుగా కొలిచిందెవరు? ఎవరూ కాదు! సెన్సర్ చూసేది సైలెన్సర్లోకి వచ్చిన పొగలో మిగిలిన ఆక్సిజన్‌ని. లేదా పూర్తిగా మండకుండా మిగిలిన వాయువులకు ఎంత ఆక్సిజన్ కావాలో అంత. దాన్నిబట్టి 'పెట్రోలు తక్కువైంది', 'ఎక్కువైంది' అని ఊహించేది మనం.

మరి ఆ ఆక్సిజన్ వేరే దారిలో వస్తే?

ఉదాహరణకి ఒక ప్లగ్గు సరిగ్గా మండించడం లేదనుకోండి. ఇంజిన్ 'మిస్సింగ్' కొడుతోంది. ఆ సిలిండర్లోని పెట్రోలు, గాలి రెండూ మండకుండానే సైలెన్సర్లోకి వచ్చేస్తాయి. మండని పెట్రోలు ఆవిరిని మొత్తంగా లెక్కలోకి తీసుకోవడం సెన్సర్‌కి చేతకాదు. ఆక్సిజన్‌ని మాత్రం ఇట్టే పట్టేస్తుంది. 'అయ్యో, లీన్!' అంటుంది. మనం పెట్రోలు పెంచుతాం. అసలే తడిసిన ప్లగ్గు ఇంకా తడుస్తుంది. మిస్సింగ్ ఇంకా పెరుగుతుంది. మీటరు ఇంకా 'లీన్' అంటుంది. రోగం ఒకటి, మందు ఒకటి అంటే ఇదే!

రెండో దొంగ దారి... సైలెన్సర్ పైపులో చీలిక. 'చీలిక ఉంటే పొగ బయటికి పోతుంది కానీ గాలి లోపలికెలా వస్తుంది?' అని మీకు అనుమానం రావచ్చు. పొగ పైపులో నదిలా ఒకే ధారగా పోదు. గుండె కొట్టుకున్నట్టు దడదడమని పోతుంది. ఒక్కో దెబ్బకీ దెబ్బకీ మధ్య పైపులో పీడనం బయటి గాలికన్నా తగ్గుతుంది. ఆ క్షణంలో చీలికలోంచి బయటి గాలి లోపలికి దూరుతుంది. బయటి గాలిలో 21 శాతం ఆక్సిజన్. చిటికెడు దూరినా చాలు, మీటరు లెక్క తలకిందులవుతుంది.

అంకె తగ్గదు, కళ్లు మండుతాయి

ఓసారి ఇంజనీరింగ్ కాలేజీ కుర్రాళ్లు సొంతంగా కట్టిన ఫార్ములా కారును ట్యూన్ చేస్తుండగా చూశాను. మోటార్‌సైకిల్ నుంచి తెచ్చిన ఒకే సిలిండర్ ఇంజిన్. పోటీ దగ్గరపడింది. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంటే మీటరు 17 చూపిస్తోంది. అంటే బాగా పల్చన. కుర్రాళ్లు పెట్రోలు పది శాతం పెంచారు. అంకె కదల్లేదు. ఇరవై పెంచారు. కాస్త కదిలింది. షెడ్డులో పెట్రోలు వాసన కమ్మేసింది. అందరి కళ్లు మండుతున్నాయి. ల్యాప్‌టాప్ దగ్గర కూర్చున్న కుర్రాడు మాత్రం 'ఇంకా లీన్‌గానే ఉంది రా' అంటూనే ఉన్నాడు.

'ప్లగ్గు చూశారా బాబూ?' అని వాళ్లకు సాయంగా వచ్చిన పెద్దాయన అడిగాడు. ఆయన ముప్పై ఏళ్లుగా షెడ్డు నడుపుతున్న మెకానిక్. ఊడదీస్తే ప్లగ్గు కాటుక రాసినట్టుంది. 'మీ మీటరు లీన్ అంటోంది. ప్లగ్గు రిచ్ అంటోంది. కళ్లూ రిచ్ అనే అంటున్నాయి. ఇద్దరు సాక్షులు ఒక మాట, ఒకడు ఒక మాట చెబితే ఎవణ్ని అనుమానించాలి?' అన్నాడాయన నవ్వుతూ.

ఇంకో ఆధారం కూడా ల్యాప్‌టాప్‌లోనే ఉంది. ఎవరూ పట్టించుకోలేదంతే. రేజ్ ఇచ్చేకొద్దీ అంకె పడిపోయి 11కు చేరుతోంది. అంటే అక్కడ మరీ చిక్కన. చీలిక ఉన్నప్పుడు కనిపించే లక్షణం సరిగ్గా ఇదే. ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు పొగ తక్కువ కాబట్టి దూరిన గాలి వాటా ఎక్కువ. రేజ్ పెరిగితే పొగ వరదలా వస్తుంది. దూరిన గాలి అందులో కొట్టుకుపోతుంది. వెతికితే ఇంజిన్ దగ్గరి ఫ్లాంజి వెల్డింగులో వెంట్రుకంత పగులు దొరికింది. పగులు పక్కనే సన్నటి నల్లటి మసి గీత. వెల్డింగ్ చేసి చూస్తే నెమ్మదిగా తిరిగేటప్పుడూ మీటరు 12 కిందికి వచ్చింది. అప్పటిదాకా పెంచిన పెట్రోలంతా వెనక్కి తీయాల్సి వచ్చింది!

ముందు సెన్సర్‌నే ప్రశ్నించండి

మీటరు ఏదైనా వింత అంకె చూపిస్తే పెట్రోలు జోలికి పోకముందు ఓ వరస పాటించాలి. మొదట సెన్సర్ సంగతి. దానికి తేలికైన పరీక్ష ఉంది. సెన్సర్‌ని పైపులోంచి తీసి, వైర్లు ఊడదీయకుండా, బయటి గాలిలో వేలాడదీసి ఆన్ చేయాలి. హీటరు కాగడానికి అర నిమిషం ఆగాలి. అప్పుడు మీటరు తన స్కేల్లో అన్నిటికన్నా పల్చటి అంకెను చూపించాలి. చూపించకపోతే సెన్సర్ గానీ, దాన్ని నడిపే పెట్టె గానీ తేడా చేసినట్టు. కొన్ని పెట్టెలను ఇలా బయటి గాలిలో పెట్టి అప్పుడప్పుడూ సరిచూసుకోమని తయారీదారులే చెబుతారు. సెన్సర్ కొన కాలుతూ ఉంటుంది కాబట్టి పిల్లల్ని దూరంగా ఉంచండి. దగ్గర్లో పెట్రోలు డబ్బా గానీ, పెట్రోలు గుడ్డ గానీ ఉండకూడదు.

సెన్సర్ ఊడదీసే ఓపిక లేకపోతే ఇంకో మార్గముంది. ట్రాక్ మీద వేగంగా పోతూ గేరులో ఉండగానే యాక్సిలరేటర్ మీంచి కాలు పూర్తిగా తీసేస్తే ఇప్పటి ఇంజిన్లు చాలామటుకు పెట్రోలు ఆపేస్తాయి. అప్పుడు సైలెన్సర్లోకి వచ్చేది ఉత్త గాలే. మీటరు పల్చటి కొసకు పరుగెత్తాలి. బద్ధకంగా కదిలితే సెన్సర్ ముసలిదైనట్టే.

సెన్సర్‌కి వయసు మీదపడటమే కాదు, విషం కూడా ఎక్కుతుంది. సీసం కలిసిన పెట్రోలు దానికి మొదటి శత్రువు. మన దేశంలో 2000 ఫిబ్రవరి నుంచి సీసం లేని పెట్రోలే కాబట్టి ఆ భయం లేదు. కానీ రేసుల కోసం విమానాల పెట్రోలు తెచ్చి పోసేవాళ్లుంటారు. అందులో సీసం ఉంటుంది. రెండో శత్రువు గ్యాస్కెట్లకు పూసే సిలికాన్ గమ్ము. సెన్సర్లకు హాని చేయని రకమే వాడాలి. ఇంజిన్ ఆయిల్ తాగుతున్నా, కూలెంట్ లోపలికి లీకవుతున్నా సెన్సర్ పాడవుతుంది. ఇక అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది... వైరు పీకేసి సెన్సర్‌ని పైపులోనే వదిలేసి బండి తిప్పడం. హీటరు లేక చల్లగా ఉన్న కొన మీద మసి పేరుకుపోతుంది. వాడకపోతే తీసి పక్కన పెట్టి, ఆ రంధ్రానికి బోల్టు బిగించాలి.

ఎక్కడ పెట్టారు? ఎర్త్ ఎక్కడ ఇచ్చారు?

సెన్సర్ చోటు కూడా ముఖ్యమే. పైపు అడుగున వేలాడేలా బిగిస్తే పొద్దున్నే పైపులో పట్టిన నీటి చెమ్మ దాని మీదికి చేరుతుంది. 750 డిగ్రీల పింగాణీ మీద నీటి చుక్క పడితే... కాలిన పెనం మీద గాజు గ్లాసు పెట్టినట్టే! అందుకే గడియారంలో పదికీ రెండుకీ మధ్య ముల్లు ఉన్నట్టు, పైపు పైభాగంలో వంపుగా బిగించాలి. టర్బో ఉంటే దాని తర్వాతే పెట్టాలి. టర్బోకి ముందు పీడనం ఎక్కువ కాబట్టి చిక్కన ఇంకా చిక్కగా, పల్చన ఇంకా పల్చగా కనిపిస్తుంది. అలాగని సైలెన్సర్ చివర్న పెట్టినా కుదరదు. నెమ్మదిగా తిరిగేటప్పుడు బయటి గాలి వెనక్కి వచ్చి మళ్లీ అబద్ధపు 'లీన్' చూపిస్తుంది.

ఇక కరెంటు సంగతి. మీటరు పెట్టె నుంచి ఇంజిన్ కంప్యూటర్‌కి, అంటే ఈసీయూకి అంకె వెళ్లేది చాలాసార్లు వోల్టుల రూపంలోనే. ఒక పెట్టెలో 0 నుంచి 5 వోల్టులంటే 10 నుంచి 20 అంకె అనుకుందాం. ఒక వోల్టుకి రెండంకెలు. ఎర్త్ సరిగ్గా లేక రెండింటి మధ్య 0.2 వోల్టు తేడా వస్తే అంకెలో 0.4 తేడా వచ్చేసినట్టే. 12.5 ఉన్నది 12.1గా కనిపించిందనుకోండి. 'అబ్బో, బోలెడు రిచ్' అని పెట్రోలు తగ్గించేస్తాం. అసలు మిశ్రమం పల్చబడుతుంది. ఇంజిన్‌కి ముప్పు వచ్చేది ఇలాగే.

కనిపెట్టడం తేలికే. మీటరు ముఖం మీది అంకె, ల్యాప్‌టాప్‌లో అంకె పక్కపక్కన చూడండి. రెండూ ఒకటే ఉండాలి. తర్వాత హెడ్‌లైట్లు, రేడియేటర్ ఫ్యాను ఆన్ చేయండి. లైటు వేసినంత మాత్రాన ఇంజిన్లో పెట్రోలు పాళ్లు పెద్దగా మారవు కదా! ల్యాప్‌టాప్ అంకె ఠక్కున పక్కకి జరిగితే దోషం ఎర్త్‌ది. మీటరు పెట్టె ఎర్త్ వైరును ఎక్కడో బాడీ స్క్రూకి కాకుండా తయారీదారు చెప్పిన చోటే, ఈసీయూ ఎర్త్ ఉన్న చోటికే కలపాలి.

ఇథనాల్ వచ్చింది, అంకె మారింది

ఇంకో తికమక ఈమధ్యే వచ్చి చేరింది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు మన దేశంలో 2023 ఫిబ్రవరిలో మొదలై, 2025 కల్లా దేశమంతా బంకుల్లోకి వచ్చేసింది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే కలిసి ఉంటుంది. అందుకే అది మండడానికి తక్కువ గాలి చాలు. కిలోకి 9 కిలోలే. ఆ లెక్కన పది శాతం కలిపిన పెట్రోలుకి సరిసమాన పాళ్లు 14.1. ఇరవై శాతం కలిపితే 13.5.

కానీ మీటరుకు ఇవేవీ తెలియవు! అది కొలిచేది లాంబ్డాను. దాన్ని 14.7తో హెచ్చవేసి మనకు చూపిస్తుందంతే. ట్యాంకులో ఇథనాల్ పెట్రోలున్నా, సీఎన్‌జీ ఉన్నా, ఎల్పీజీ ఉన్నా సరిసమానంగా మండితే మీటరు 14.7 అనే అంటుంది. కాబట్టి 'ఇథనాల్ పెట్రోలు కదా, 13.5 రావాలి' అని మీటరు అంకెను అక్కడికి దించితే అవసరానికి మించి పెట్రోలు తాగించినట్టే. మీటరులో ఒక స్కేలు, ఈసీయూలో ఇంకో స్కేలు ఉంటే గందరగోళం రెట్టింపు. చక్కటి ఉపాయం ఒక్కటే. రెండింటినీ లాంబ్డాకు మార్చేసుకోవడం. ఏ ఇంధనమైనా ఒకటి ఒకటే!

పాత పెట్రోలుతో ట్యూన్ చేసిన రేసు ఇంజిన్లున్న వాళ్లు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. పది శాతం నుంచి ఇరవై శాతానికి మారితే అదే కొలతకు మిశ్రమం దాదాపు 4 శాతం పల్చబడుతుంది. సెన్సర్ మాట వినే ఇంజిన్ తనే సర్దుకుంటుంది. సెన్సర్ మాట వినకుండా లెక్కల పట్టిక ప్రకారమే పెట్రోలు పోసే ఇంజిన్ సర్దుకోలేదు. దాన్ని మళ్లీ ట్యూన్ చేయాల్సిందే.

సగటు లోతు చూసి ఏరు దాటొద్దు

అన్నీ సరిచూశాం. చీలిక లేదు. ఎర్త్ బాగుంది. స్కేలు కుదిరింది. మీటరు నికార్సయిన అంకె చూపిస్తోంది. ఇక ధీమాగా ఉండొచ్చా? అప్పుడూ ఒక మెలిక ఉంది. నాలుగు సిలిండర్ల పొగ ఒకచోట కలిశాక కొలుస్తున్నాం. అంటే అది సగటు. ఒక ఇంజెక్టర్లో చెత్త అడ్డుపడి ఆ సిలిండర్ పల్చగా నడుస్తూ, మిగతా మూడూ కాస్త చిక్కగా నడిస్తే సగటు అందంగా కనిపిస్తుంది. ఏరు సగటున మోకాలి లోతే అని దిగినవాడు మధ్యలో మునిగినట్టు, నాలుగింట్లో ఒక పిస్టన్ కరిగిపోతుంది. అందుకే మంచి ట్యూనర్లు ఎంత ఖరీదైన మీటరున్నా నాలుగు ప్లగ్గులూ ఊడదీసి పక్కపక్కన పెట్టి చూస్తారు. నాలుగూ ఒకే రంగులో ఉన్నాయా, ఒకటి వేరుగా ఉందా అని. పాత మెకానిక్ కన్ను ఇప్పటికీ రిటైరవలేదన్నమాట!

మన ఇంటి కారు సంగతి

'మాకు రేసులూ లేవు, ల్యాప్‌టాప్‌లూ లేవు. ఇదంతా మాకెందుకు?' అంటారేమో. మీ డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజిన్ లైటు వెలిగిన రోజున ఇదే కథ మీ గుమ్మంలోకి వస్తుంది. స్కానర్ పెడితే 'పీ0171' అని వస్తుంది. మిశ్రమం పల్చనైందని దానర్థం. 'సార్, సెన్సర్ పోయింది, మార్చేద్దాం' అంటాడు మెకానిక్. ఆ కోడు చెప్పింది సెన్సర్ పోయిందని కాదు. సెన్సర్ ఫిర్యాదు చేస్తోందని! ఫిర్యాదు చేసినవాణ్నే ఉద్యోగంలోంచి తీసేస్తే ఎలా?

అప్పుడు 'ఫ్యూయల్ ట్రిమ్ చూపించు అన్నా' అని అడగండి. సెన్సర్ మాట విని ఈసీయూ పెట్రోలును ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో చెప్పే లెక్క అది. మామూలు స్కానర్లోనూ కనిపిస్తుంది. అయిదారు శాతం అటూ ఇటూ ఉండటం మామూలే. పది శాతం దాటితే వెతకాలి. అది ఎప్పుడు పెరుగుతోందన్నదే అసలు ఆధారం. బండి ఆగి ఉన్నప్పుడు ఎక్కువగా ఉండి, 2500 ఆర్‌పీఎమ్ దగ్గర తగ్గిపోతే ఎక్కడో గాలి దూరుతోంది. ఇంజిన్‌కి గాలి వెళ్లే రబ్బరు పైపు పగలడమో, సైలెన్సర్ పైపులో చీలికో. ఘాట్ ఎక్కేటప్పుడో, లోడు మీదో పెరుగుతుంటే పెట్రోలు చాలినంత రావడం లేదు. పంపు, ఫిల్టరు, ఇంజెక్టర్ల వైపు చూడాలి. సీఎన్‌జీ కిట్ పెట్టించిన కార్లయితే గ్యాస్ మీద ఒకసారి, పెట్రోలు మీద ఒకసారి విడివిడిగా చూడాలి.

సైలెన్సర్ చీలికతో పోయేది మైలేజీ మాత్రమే కాదు. ఇంజిన్ దగ్గరి చీలిక నుంచి కార్బన్ మోనాక్సైడ్ బయటికొస్తుంది. రంగు లేదు, వాసన లేదు. కారు లోపలికి చేరితే ప్రాణాలకే ముప్పు. పిల్లల్ని ఎక్కించుకుని అద్దాలు మూసి ఏసీ వేసుకుని పోయే కారులో 'టపటప'మనే చప్పుడు వస్తుంటే రేపు చూద్దాంలే అనుకోవద్దు. మూసిన గ్యారేజీలో ఇంజిన్ ఆన్ చేసి వెతకనూ వద్దు.

చివరిగా ట్యూనింగ్ సరదా ఉన్న కుర్రాళ్లకో మాట. తయారీదారు లెక్కలకు విరుద్ధంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. ట్రాక్ బండిని ట్రాక్ మీదే ఆడించండి. నడిపేవాడొకడు, ల్యాప్‌టాప్ చూసేవాడొకడు... ఇద్దరుండాలి.

పెట్రోలు పెంచే ముందు అయిదు ప్రశ్నలు

* బయటి గాలిలో పెడితే సెన్సర్ పల్చటి కొసను చూపిస్తోందా?
* సెన్సర్‌కి ముందు పైపులో మసి గీత, చీలిక, వదులైన గ్యాస్కెట్ ఉన్నాయా?
* మీటరు, ల్యాప్‌టాప్ ఒకే అంకె చెబుతున్నాయా? లైట్లు వేస్తే మారుతోందా?
* ఇంజిన్ మిస్సింగ్ కొడుతోందా? ప్లగ్గులు ఏ రంగులో ఉన్నాయి?
* రెండు చోట్లా స్కేలు ఒకటేనా? లాంబ్డాలో చూస్తున్నారా?

అయిదింటికీ జవాబు దొరికాక కూడా మీటరు 'లీన్' అనే అంటుంటే... అప్పుడు అది నిజమే చెబుతోంది. నిశ్చింతగా పెట్రోలు పెంచండి!